ఎస్‌ఓఎస్ అంటే ఏంటి సార్?

హైదరాబాద్‌లోని మూసారాంబాగ్ పేరులో ఒక ఫ్రెంచి దొర ఉన్నాడు. నిజాం కొలువులో సైన్యాన్ని నడిపిన మాన్స్యూర్ రేమాండ్ 1798లో పోయాడు. మలక్‌పేట పక్కన ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. నోరు తిరగని ఆ పేరును హిందువులు మూసా రామ్ చేసుకున్నారు, ముస్లింలు మూసా రహీమ్ చేసుకున్నారు, పేట మూసారాంబాగ్ అయింది. పరాయి మాటను తమ నాలుకకు వంచుకోవడంలో ఇక్కడి జనం అంత గట్టివాళ్లు. అయినా అదే దారిలో, మెట్రో స్తంభాల వెంట దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ దాకా బారులు తీరిన ఆసుపత్రి బోర్డుల కింద, ఒక కాగితం మాత్రం వాళ్లకు వంగలేదు. పరీక్షకో ఆపరేషన్‌కో ముందు సంతకం పెట్టించుకునే అంగీకార పత్రం అది. ఈ ఆదివారం ముఖచిత్ర కథనానికి సంపాదకులు అడిగింది సిస్టోస్కోపీ గురించి. మూత్రపు సంచినీ, మూత్రం బయటికి వచ్చే దారినీ కెమెరాతో చూసే పరీక్ష. కెమెరా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పాల్సిందంతా ఆ కాగితంలోనే ఉంది.

ముందు పరీక్ష సంగతి. నొప్పి లేకుండా ఒంటేలులో రక్తం పడినప్పుడు, ముఖ్యంగా నలభై దాటినవాళ్లలో, బీడీ సిగరెట్ అలవాటున్నవాళ్లలో, డాక్టర్ మొదట తేల్చుకోవాలనుకునేది సంచిలో గడ్డ ఉందా అని. అల్ట్రాసౌండ్ స్కానింగ్ మంచిదే గానీ చిన్న గడ్డలను, గోడకు అంటుకుని పరచుకున్న మచ్చలను అది దాటేసే అవకాశం ఉంది. అందుకే లోపలికి వెళ్లి చూడటం. రెండు రకాల గొట్టాలున్నాయి. వంగే గొట్టం దాదాపు అయిదు మిల్లీమీటర్ల లావు. తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ జెల్లీ పెట్టి, మెలకువగా ఉండగానే లోపలికి పంపుతారు. స్త్రీలలో ఆ దారి నాలుగు సెంటీమీటర్లు, మగవాళ్లలో ఇరవై దాకా, అందుకే మగవాళ్లకు ఇబ్బంది కాస్త ఎక్కువ. ముడుచుకుని ఉన్న సంచి విచ్చుకోవడానికి సెలైన్ నింపుతారు. అప్పుడు మూత్రం వస్తున్నట్టే ఉంటుంది, నిజంగా వచ్చినా సిగ్గుపడాల్సింది లేదు. అయిదు పది నిమిషాల్లో అయిపోతుంది. వంగని స్టీలు గొట్టానికైతే సాధారణంగా వెన్నులో మత్తు ఇస్తారు, ఎందుకంటే దాని గుండా పనిముట్లు పంపి ముక్క తీయవచ్చు, గడ్డ గోకవచ్చు. ఈ పరీక్ష మీద ఈ వ్యాసానికి ఏ ఫిర్యాదూ లేదు. అనవసరమైన స్కానులు రాసే ఈ కాలంలో, చూడాల్సిన చోటును నేరుగా కంటితో చూసే పరీక్ష అంటే గౌరవమే. గొట్టం భయంతో దీన్ని వాయిదా వేసేవాళ్లు, అందులోనూ రక్తం పడిన ప్రతిసారీ ఇన్‌ఫెక్షన్ అనుకుని మాత్రలతో సరిపెట్టుకునే ఆడవాళ్లు, నెలలకు నెలలు పోగొట్టుకుంటారు.

ఇప్పుడు కాగితం. మన ఆసుపత్రుల్లో చేయబోయే పని రాసే ఖాళీలో తరచూ కనిపించే వరుస ఇది: 'సిస్టోస్కోపీ, ఎస్‌ఓఎస్ బయాప్సీ'. బయాప్సీ అంటే పరీక్షకు పంపడానికి చిన్న ముక్క తీయడం. కొన్నిసార్లు 'సిస్టోస్కోపీ అండ్ ప్రొసీడ్', అంటే చూసి, ఆపైన చేయాల్సింది చేసేయడం. ఓడ మునిగిపోతుంటే పంపే కేకను ఎస్‌ఓఎస్ అంటారని చదువుకున్నవాళ్లకు తెలుసు. మందుల చీటీ మీది ఎస్‌ఓఎస్ వేరు. 'సి ఓపుస్ సిత్' అనే లాటిన్ ముక్కకు పొడి అక్షరాలు, అర్థం 'అవసరమైతే' అని. జ్వరం మాత్ర పక్కన అదే రాస్తారు, జ్వరం ఉంటేనే వేసుకోమని. అక్కడ అవసరాన్ని తేల్చేది రోగి. అంగీకార పత్రంలో అవే మూడక్షరాలు పడితే అవసరాన్ని తేల్చేది డాక్టర్, అదీ రోగి మత్తులో ఉండగా. మాట ఒకటే, పెత్తనం చేయి మారింది. చేయి మారిన సంగతి సంతకం పెట్టేవారికి తెలియాలి కదా? విజయవాడ రోడ్డు మీదుగా సూర్యాపేట నుంచో, సాగర్ రోడ్డు మీదుగా దేవరకొండ నుంచో వచ్చి ఎల్బీనగర్‌లో బస్సు దిగిన పెద్దాయన ఆ మూడక్షరాలను ఏ భాషలో చదవాలి? స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగులకు పేరుమోసిన దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ అక్షరాలు ఇంగ్లిషు కూడా కావు.

చూడటం వేరు, కోయడం వేరు అన్న ఈ తేడా చాదస్తం కాదు, దేశంలో చట్టం. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు చదివితే, అది మన కాగితం గురించే రాసినట్టుంటుంది. 1995 మే నెలలో ఢిల్లీలో నలభై నాలుగేళ్ల అవివాహిత ఆగని నెలసరి రక్తస్రావంతో ఒక నర్సింగ్‌హోమ్‌కు వెళ్లింది. ఆమె సంతకం చేసిన పత్రంలో పరీక్షకూ చికిత్సకూ లాప్రోస్కోపీ (పొట్టలోకి గొట్టంతో చూడటం) అని, పొట్ట తెరవాల్సి రావచ్చు అని ఉంది. చూశారా, 'రావచ్చు'! మన ఎస్‌ఓఎస్‌కు అక్క. మత్తులో ఉండగా లోపల చూసిన డాక్టర్, సహాయకురాలిని బయటికి పంపి ఆమె తల్లి చేత ఇంకో సంతకం పెట్టించి, గర్భసంచినీ అండాశయాలనూ తీసేశారు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2003లో బాధితురాలి ఫిర్యాదును కొట్టేసింది. సుప్రీంకోర్టు మాత్రం గీత గట్టిగా గీసింది. తెలివిలో ఉన్న పెద్ద మనిషి తరఫున ఇంకెవరూ ఒప్పుకోలేరు, కన్నతల్లి అయినా సరే. పరీక్షకు ఇచ్చిన ఒప్పుదల చికిత్సకు ఒప్పుదల కాదు. ప్రాణం మీదికి వచ్చి ఆగడానికి వీల్లేనప్పుడు తప్ప, తర్వాత ఎలాగూ చేయాల్సిందే కదా అన్న మాట చెల్లదు. ఇంతా చెప్పి, ఇరవై అయిదు లక్షలు అడిగిన మనిషికి చేతిలో పెట్టింది 25,000 రూపాయలు. డాక్టర్‌కు ఫీజు మాత్రం దక్కనివ్వలేదు. సూత్రం బంగారం, తూకం గురివింద గింజ. అయినా ఆ సూత్రం మీదే ఈ దేశంలో ప్రతి అంగీకార పత్రమూ నిలబడాలి.

డాక్టర్ల వైపు నుంచి వచ్చే అభ్యంతరాల్లో గట్టిది ఒకటుంది. సంచిలోకి చూస్తే వేరుశనగ గింజంత గడ్డ కనిపించింది, వెన్నులో మత్తు అప్పటికే ఇచ్చారు, పనిముట్టు చేతిలో ఉంది. దాన్ని వదిలేసి బయటికొచ్చి, మత్తు దిగాక సంతకం పెట్టించుకుని, మళ్లీ వారానికి రమ్మని, మళ్లీ మత్తు, మళ్లీ బిల్లు వేయడం రోగికి మేలా? కాదు. ఈ వాదన నిజమే గనక కోర్టు కూడా దాన్ని తోసేయలేదు. లోపల ఏం దొరకవచ్చో ముందే ఊహించగలిగినప్పుడు రెండింటికీ కలిపి ఒప్పుదల తీసుకోవచ్చంది. కానీ అలా తీసుకునేది ఫలానా పనికి అని విప్పి చెప్పి తీసుకోవాలి. చిటికెడు ముక్క తీసి పంపడానికీ, గడ్డను మొత్తం గోకేయడానికీ ఎంతో దూరం. మొదటిదైతే సాయంత్రానికి ఇంటికి. రెండోదైతే ఒకటి రెండు రోజులు మూత్రానికి పైపు, ఆసుపత్రిలో మంచం, వేరే బిల్లు. ఎస్‌ఓఎస్ ఈ రెంటినీ ఒకే సంచిలో కడుతుంది. కాబట్టి అభ్యంతరం పరీక్షను ఆపమని కాదు, అక్షరాలను విప్పమనే చెబుతోంది: 'గడ్డ కనిపిస్తే అప్పుడే తీసేయడానికి ఒప్పుకుంటున్నాను' అన్న తెలుగు వాక్యం రాయడానికి అర నిమిషం పట్టదు.

రెండో అభ్యంతరం భయం గురించి. అన్నీ చెబితే రోగి పారిపోతాడని. ఇక్కడ మన కోర్టు అమెరికా దారి పట్టలేదన్నది గుర్తుంచుకోవాలి. లక్షలో ఒకరికి వచ్చే ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టమనలేదు. ఏం చేస్తారు, ఎందుకు, వేరే దారి ఉందా, ఎక్కువగా వచ్చే ఇబ్బందులేమిటి, వద్దంటే ఏమవుతుంది, ఇవి చాలన్నది. సిస్టోస్కోపీ విషయంలో ఇవన్నీ కలిపినా అర పేజీ. ఒకటి రెండు రోజులు మంట, గులాబీ రంగు మూత్రం, కొందరికి ఇన్‌ఫెక్షన్, ఎప్పుడైనా మూత్రం ఆగిపోవడం. దీనికి పారిపోయేవాళ్లకన్నా, చెప్పకుండా చేస్తే ఆ గులాబీ రంగు చూసి హడలిపోయేవాళ్లే ఎక్కువ. ఇక 'మీరే చూసుకోండి సార్, మీరు దేవుడితో సమానం' అని పెన్ను కొడుకు చేతికిచ్చే పెద్దవాళ్ల సంగతి. ఇది నిజంగా చిక్కే. నమ్మకం చులకన చేసేది కాదు. కానీ నమ్మడం రోగి హక్కు, చదివి వినిపించడం ఆసుపత్రి పని. మొదటిది ఉంది కదా అని రెండోది మాఫీ కాదు. కొడుకు సంతకం సాక్షి గడిలో పడవచ్చు, ఒప్పుదల గడిలో కాదు. పైగా రోగికి అర్థమయ్యే భాషలో ఒప్పుదల తీసుకోవాలని ఎన్‌ఏబీహెచ్ అనే ఆసుపత్రుల నాణ్యతా సంస్థ గుర్తింపు ప్రమాణాల్లోనే ఉంది. ఆ గుర్తింపు పత్రాన్ని రిసెప్షన్ గోడకు తగిలించుకున్న చోట, 'తెలుగు ఫారం లేదండీ' అన్న జవాబుకు తావే లేదు. సైదాబాద్, మలక్‌పేటల నుంచి వచ్చేవారికి ఉర్దూలో కూడా ఉండాలి.

ఈ పరీక్ష చరిత్ర కావాలంటే ఒక్క గుక్కలో: 1806లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో బొజ్జీని అనే డాక్టర్ కొవ్వొత్తి వెలుగును గొట్టంలోకి మళ్లించాడు, 1853లో పారిస్‌లో దెసొర్మో దీపం మార్చాడు, 1877లో జర్మనీ వైద్యుడు నిట్జె ఎర్రగా కాలిన ప్లాటినం తీగను దీపంగా పెట్టి, అది లోపల కాల్చకుండా నీళ్లు పారించి, సంచిని సరిగా చూపించాడు, తర్వాత చిన్న బల్బు వచ్చింది, 1954లో పంజాబీ శాస్త్రవేత్త నరీందర్ సింగ్ కపానీ, బ్రిటిష్ శాస్త్రవేత్త హాప్కిన్స్‌తో కలిసి గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపాక గొట్టం వంగడం నేర్చుకుంది. మన హైదరాబాద్ కూడా ఉంది ఈ కథ అంచున. క్లోరోఫాం మత్తు ఎంత భద్రమో తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో 1888, 1889లలో రెండు కమిషన్లు పనిచేసింది ఇక్కడే.

బాక్స్: లోపల మరిచిపోయిన స్టెంట్
కిడ్నీ రాయి ఆపరేషన్ తర్వాత చాలామందికి కిడ్నీ నుంచి సంచి దాకా ఒక సన్నటి గొట్టం వేసి పంపుతారు. డీజే స్టెంట్ అంటారు. దాన్ని తీసేదీ సిస్టోస్కోపీతోనే. కొన్ని వారాల్లో, మహా అయితే మామూలు స్టెంట్‌ను మూడు నెలల్లో తీయించాలి. నొప్పి లేదు కదా అని మరిచిపోతే దాని మీదే రాయి పేరుకుంటుంది, కిడ్నీ దెబ్బతినవచ్చు. తీయాల్సిన తేదీ డిశ్చార్జి కాగితంలో ఇంగ్లిషులో ఓ మూల ఉంటుంది. ఇంటికెళ్లగానే ఆ తేదీని క్యాలెండర్ మీద రాసుకోండి. ఆ కాగితం పోగొట్టుకుంటే ఆసుపత్రినే అడగండి; రికార్డుల నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది 2002 నాటి వైద్య నియమావళి.

బాక్స్: భుజం మీది మచ్చకు ఇంకో పని
చిన్నప్పుడు భుజానికి వేసే బీసీజీ టీకానే, మూత్రాశయంలో పైపైన ఉన్న క్యాన్సర్ తిరిగి రాకుండా సన్నటి గొట్టంతో సంచిలోకి ఎక్కిస్తారు, మామూలుగా వారానికోసారి ఆరు వారాలు. 1976లో కెనడా డాక్టర్ మొరాలెస్ దీని ఫలితాలు ప్రకటించారు. ముదిరిన క్యాన్సర్‌కు 1980లలో వచ్చిన నాలుగు మందుల వైద్యంలో మొదటిది మెథోట్రెక్సేట్. అది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చిన మందు.

మార్పు ఎక్కడ మొదలవ్వాలంటే, సంతకం పెట్టించే సమయం దగ్గర. మత్తు గది గుమ్మం ముందు, స్ట్రెచర్ మీద, కళ్లజోడు తీసేయించాక చేతికిచ్చిన కాగితం ఏ భాషలో ఉన్నా ఒకటే. ఓపీలో పరీక్ష రాసిన రోజునే ఆ పత్రాన్ని ఇంటికి ఇచ్చి పంపాలి. డాక్టర్‌కు టైం లేదంటే ఒప్పుకుందాం; రాత్రి ఇంట్లో చదువుకోవడానికి డాక్టర్ టైం అక్కర్లేదు. మర్నాడు వచ్చేటప్పుడు రోగి తెచ్చే ప్రశ్నలు కూడా పనికొచ్చేవే ఉంటాయి: రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నాను, ఆపాలా? మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందన్నారు, ముందు అది తగ్గాలా? ఈ రెండు ప్రశ్నలూ అంగీకార పత్రం చదివే ఇంట్లోంచే వస్తాయి, చదవని ఇంట్లోంచి రావు. చలితో జ్వరం, రక్తపు గడ్డలు, మూత్రం ఆగిపోవడం, వీటిలో ఏది వచ్చినా అర్ధరాత్రి అయినా వెనక్కి రావాలన్న ముక్క కూడా ఆ కాగితంలోనే, తెలుగులోనే ఉండాలి.

అప్పటిదాకా పాఠకులు చేయగలిగింది ఒకటుంది. సంతకం గీతకు పైన కాస్త జాగా ఎప్పుడూ ఉంటుంది. 'చూడటానికి మాత్రమే' అనో, 'ముక్క తీయడానికి కూడా' అనో, 'గడ్డ ఉంటే తీసేయడానికి కూడా' అనో మీ చేత్తో తెలుగులో రాసి, దాని కింద సంతకం చేయండి. ఫారం ఇంగ్లిషులో ఉన్నంత మాత్రాన మీరు రాసేది ఇంగ్లిషులోనే ఉండాలని ఏ చట్టంలోనూ లేదు.