సముద్రాన్ని తట్టుకున్న టైటానియం మెథనాల్‌కు ఎందుకు లొంగింది?

సముద్రంలో 6,000 మీటర్ల లోతుకు ముగ్గురిని తీసుకెళ్లేందుకు భారత్ రూపొందిస్తున్న ‘మత్స్య-6000’లో మనుషులు కూర్చునే గోళాన్ని 80 మిల్లీమీటర్ల మందం గల టైటానియం మిశ్రమలోహంతో తయారు చేస్తున్నారు. అపార పీడనాన్ని ఓర్చే బలం ఒక కారణమైతే, ఉప్పునీటిలో తుప్పు పట్టకపోవడం మరో కారణం.

విచిత్రమేమిటంటే, రసాయనికంగా టైటానియం చాలా చురుకైన లోహం. ఆ చురుకుదనమే దానికి రక్ష. గాలి గానీ నీరు గానీ తగిలిన మరుక్షణం ఉపరితలంపై టైటానియం డయాక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాని మందం కొన్ని నానోమీటర్లే. అయినా అది ఇనుప తుప్పులా పెచ్చులూడదు. గీత పడినా, చుట్టూ కాస్త తేమ ఉంటే చాలు, తిరిగి అల్లుకుంటుంది.

అందువల్ల ఒక రసాయనం టైటానియాన్ని తినేస్తుందా లేదా అన్నది, ఆ పొర మరమ్మతుకు అక్కడ అవకాశం ఉందా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. తడి క్లోరిన్ ఉక్కును తినేస్తుంది గానీ టైటానియాన్ని ఏమీ చేయలేదు. తేమ లేని పొడి క్లోరిన్‌లో మాత్రం అదే టైటానియం అంటుకుని మండిపోగలదు. మామూలు నైట్రిక్ ఆమ్లం పొరకు బలమే చేకూరుస్తుంది. వేడెక్కిన గాఢ హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలు దాన్ని కరిగిస్తాయి. ఇక హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ముందు ఈ లోహం నిలవదు, మోతాదు స్వల్పమైనా సరే.

ఈ సూత్రం ఎంత ఖరీదైనదో అపోలో ఇంజినీర్లకు అనుభవమైంది. 1966 అక్టోబరులో సర్వీస్ మాడ్యూల్‌కు చెందిన టైటానియం మిశ్రమలోహపు ట్యాంకు ఒకటి పీడన పరీక్షలో పగిలిపోయింది. అందులో ఉన్నది అసలు ఇంధనం కాదు. విషపూరితమైన ఇంధనానికి బదులు సురక్షితమని ఎంచుకున్న మెథనాల్. నీరు లేని మెథనాల్, లోపలి ఒత్తిడితో బిగిసి ఉన్న లోహంలో పగుళ్లు పుట్టించింది. కొద్దిగా నీరు కలిసి ఉంటే అవి పుట్టేవి కావు. ఆ దశాబ్దంలోనే నైట్రోజన్ టెట్రాక్సైడ్ నింపిన ట్యాంకులూ ఇలాగే చీలాయి. శుద్ధి మరీ ఎక్కువ కావడమే అందుకు కారణమని తేలడంతో, ద్రవంలో కొంత నైట్రిక్ ఆక్సైడ్ కలపడం మొదలుపెట్టారు.

సముద్రపు నీటిలోనూ ఒక మినహాయింపు ఉంది. నీరు బాగా వేడెక్కే పరిశ్రమల్లో, గ్యాస్కెట్ల కింద ఉండే ఇరుకు సందుల్లోకి ఆక్సిజన్ అందదు. అక్కడ ఆమ్లత పెరిగి పొర దెబ్బతింటుంది. అలాంటి అతుకుల వద్ద సుమారు 0.2 శాతం పల్లాడియం కలిపిన రకాన్ని వాడతారు. చలి రాజ్యమేలే సముద్రగర్భంలో ఆ ఖర్చు అక్కర్లేదు.