ఎడారి కోటకు నీటి బెడద

రాజస్థాన్ పడమటి కొసన, థార్ ఎడారిలో జైసల్మేర్ పట్టణమున్నది. 1156లో భాటీ వంశీయుడైన రావల్ జైసల్ త్రికూటమనే గుట్టపై కోట కట్టించి ఈ ఊరికి పునాది వేశాడు. సింధుకు, ఆవలి దేశాలకు పోయే ఒంటెల బిడారులు ఇక్కడ విడిసేవి. వాటి సుంకమే ఊరి సిరి. వర్తకం బొంబాయి రేవుకు మళ్లడంతో ఆ సిరి తరిగింది; 1947లో దేశ విభజనతో దారే మూసుకుపోయినది.

సాయంకాలపు టెండలో కోట బంగారు ముద్దవలె మెరుస్తుంది. ఆ పసుపు వన్నె రాతిలోని ఇనుప సమ్మేళనాలది. ఈ ప్రాంతపు రాళ్లలో సముద్రజీవుల శిలాజాలు దొరుకుతాయి. నేడు గుక్కెడు నీటికి కరవైన ఈ చోట జురాసిక్ యుగంలో సముద్రముండేదన్నమాట!

ఇక్కడ సాలుకు కురిసే వాన సుమారు 20 సెంటీమీటర్లు మాత్రమే. అయినా పైరు పండేది. రాతి నేలపై పడిన వాన ఇంకక పల్లానికి జారుతుంది. పాలివాల్ బ్రాహ్మణులు ఆ పల్లానికడ్డంగా మట్టికట్ట పోసి నీటిని నిలిపేవారు. నీరింకి నేలలో పదును మిగిలాక, అందులోనే గోధుమ, శనగ చల్లేవారు. దీనినే 'ఖడీన్' అంటారు. ఇంతకంటె చౌకైన సేద్యపు పద్ధతి మరొకటి ఉండదేమో.

కోట కూడా పొడి వాతావరణాన్ని నమ్ముకొని కట్టినదే. గోడలలో సున్నం వాడక రాతిని రాతితో బిగించారు. ఇండ్ల కప్పులపై మందంగా మట్టి పరచారు. నీళ్లు కడవలతో మోసి తెచ్చుకొన్నంత కాలం చుక్క కూడ వృథా అయ్యేది కాదు. తరువాత కోటలోకి గొట్టాల నీరు వచ్చింది. యాత్రికులు, వారి వెనుక హోటళ్లు వచ్చాయి. వాడిన నీటిని మురుగు కాలువలు పూర్తిగా మోయలేక, అది గుట్టలోకి ఇంకసాగింది.

గుట్ట ఏకశిల కాదు. ఇసుకరాతి నడుమ బంకమట్టి పొరలున్నాయి. మన నల్లరేగడివలె బంకమట్టి తడిసి ఉబ్బుతుంది, పట్టు సడలి జారుతుంది. దానిపై నున్న బురుజులు బీటలు వారి ఒరుగుతాయి. 1996లో ప్రపంచ కట్టడాల నిధి ఈ కోటను ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. 2013లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కోటలో నేటికీ వేలమంది కాపురముంటున్నారు. కనుక నీరు మానుమనడం కుదరదు. దానిని గుట్ట వెలుపలికి నడిపించే కాలువలే దిక్కు. యాత్రికుడు జాలీల మీది చూపు కాస్త దించితే, గోడల అడుగున చెమ్మ మరకలు, వాటి అంచున తెల్లగా పూచిన ఉప్పు కంటబడవచ్చు.