వయోజన విద్యలో డాక్టరేట్‌కు గడువే గడ్డు పరీక్ష

వయోజన విద్యలో పిహెచ్‌.డి. పట్టా ఆశించే వారికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యుజిసి) 2022 నవంబరులో వెలువరించిన నిబంధనలే ప్రాతిపదిక. రెండేళ్ల పీజీ చేసినవారికి 55 శాతం మార్కులు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఒబిసి తదితర వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. ప్రవేశం పొందాక కనీసం 12 క్రెడిట్ల కోర్సు, సిద్ధాంత వ్యాసం, చివరకు బహిరంగ మౌఖిక పరీక్ష. వ్యాసం సమర్పించేలోగా పత్రికలో పరిశోధనా పత్రం అచ్చయి తీరాలన్న పాత షరతు తొలగిపోవడం కొంత ఊరట.

అసలు చిక్కు గడువుతోనే. కనిష్ఠం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. పునర్నమోదుతో మరో రెండేళ్లు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్లు అదనం. ప్రయోగశాలలో పనిచేసేవారికి ఇది చాలవచ్చు. వయోజన విద్యా కేంద్రంలో మాత్రం పొద్దుగూకితే గాని పాఠం మొదలు కాదు. నాట్లు, కోతలు వచ్చాయంటే చాపలు ఖాళీ. పైగా నేర్చిన అక్షరం కొన్నేళ్లకైనా నిలిచిందా అన్నదే ఇక్కడ తేల్చవలసిన ప్రశ్న. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా పాఠాలు 1990ల ఆరంభంలో సారా వ్యతిరేక ఉద్యమానికి దారితీశాయి. అటువంటి ఫలితాన్ని ఏ ప్రశ్నావళి ముందుగా ఊహించగలదు? పరిశోధకుడు ఆ ఊళ్లో గడిపిన రాత్రులకు మాత్రం క్రెడిట్లు లేవు.