చిట్టి కారు... చిరకాలం నిలిచేనా?

అంబాసిడర్‌కు అభిమానులున్నారు. ఫియట్‌ని ప్రాణంగా చూసుకునేవాళ్లున్నారు. మరి మారుతీ 800, శాంత్రో, నానోల సంగతేంటి? యాభై ఏళ్లు గడిచాక వాటినీ అలాగే తుడిచి, మెరిపించి, పదిమందికీ చూపిస్తారా? అసలు అప్పటికి ఎన్ని మిగులుతాయి?

గాంధీనగర్‌లోనో అశోక్‌నగర్‌లోనో కాస్త పాతబడిన అపార్ట్‌మెంట్ ఏదైనా సరే... సెల్లారులోకి తొంగి చూడండి. ఓ మూలన దుమ్ము పట్టిన కవరు కింద చిన్న కారు ఒకటి కనిపిస్తుంది. టైర్లలో గాలి ఉండదు. నంబరు ప్లేటు మీద మాత్రం ‘ఏపీ 09’ అనో, ‘ఏపీ 11’ అనో అక్షరాలు చెక్కుచెదరకుండా ఉంటాయి. రాష్ట్రం వేరుపడి టీఎస్ వచ్చింది, 2024లో అదీ మారి టీజీ అయింది. ఆ కారు మాత్రం అక్కడే ఉంది.

ఆ కారు చుట్టూ ఇంట్లో ఓ చిన్న యుద్ధం నడుస్తుంటుంది. ‘అమ్మేయండి నాన్నా, ఆ జాగాలో రెండు స్కూటర్లు పెట్టుకోవచ్చు’ అంటారు పిల్లలు. ‘ఉండనివ్వరా, ముందు ముందు దీనికే గిరాకీ వస్తుంది’ అంటారు పెద్దాయన. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

మహారాజా కారు... మామూలు కారు

హైదరాబాద్‌లో పాత కారు అనగానే గుర్తొచ్చేది చౌమహల్లా ప్యాలెస్‌లోని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్. 1912 నాటిది. పసుపు రంగు, లోపల సింహాసనం లాంటి సీటు. వందేళ్లు దాటినా అది తిరిగింది నాలుగు వందల మైళ్ల లోపేనట! ఊరేగింపులకు తప్ప బయటకు తీయలేదు కాబట్టే అంత భద్రంగా ఉంది.

చిన్న కారు కథ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అది పుట్టిందే తిరగడానికి. పిల్లల్ని బడికి దించాలి, నారాయణగూడ మార్కెట్‌కి వెళ్లాలి, పండక్కి సామానంతా వేసుకుని ఊరెళ్లాలి. అరిగేదాకా నడిపి, ఆనక ఎంతకో కొంతకు అమ్మేయడమే దాని తలరాత. అందరి దగ్గరా ఉన్న వస్తువును ఎవరూ దాచుకోరు. అందుకే లక్షల్లో తయారైనవి కూడా చూస్తుండగానే మాయమైపోతాయి.

మారుతీ 800నే తీసుకోండి. 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ తొలి కారు తాళాలను ఢిల్లీకి చెందిన హర్పాల్ సింగ్‌కు అందజేశారు. దాని నంబరు డీఐఏ 6479. ఆయన ఆ కారును అమ్మలేదు, చివరిదాకా తనతోనే ఉంచుకున్నారు. 2010లో ఆయన పోయాక మాత్రం అది ఇంటి ముందు ఎండకు ఎండి, వానకు తడిసి తుప్పు పట్టిపోయింది. చివరికి కంపెనీయే తీసుకెళ్లి, బాగు చేయించి తన ప్రధాన కార్యాలయంలో పెట్టుకుంది. దేశంలో మొట్టమొదటి మారుతీకే ఆ గతి పడితే, మామూలు మారుతీల మాట చెప్పేదేముంది?

ఉద్గారాల నిబంధనలు కఠినం కావడంతో 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాద్ సహా 13 నగరాల్లో మారుతీ 800 అమ్మకాలు ఆపేశారు. 2014 జనవరిలో తయారీ కూడా ఆగింది. అంటే మన నగరంలో షోరూమ్ నుంచి కొత్తగా కొన్న ఆఖరి మారుతీ 800లకు కూడా 2025 నాటికి పదిహేనేళ్లు నిండిపోయాయి.

ఒళ్లు గట్టిదే... బుర్రతోనే బాధ

‘పాత కార్లు ఉక్కు, కొత్తవి రేకు డబ్బాలు’ అనడం మనకు అలవాటు. నిజానికి తుప్పును తట్టుకోవడంలో కొత్త కార్లే మెరుగు. ఇప్పుడు బాడీ మొత్తాన్నీ తుప్పు పట్టనివ్వని రసాయనంలో ముంచి తీస్తారు. చాలా భాగాలకు జింకు పూత ఉన్న ఉక్కునే వాడతారు. ఇంజిన్లూ అంతే. వేళకు ఆయిల్ మారిస్తే లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు నడవడం పెద్ద విశేషమేమీ కాదు.

మరి చిక్కెక్కడ? బుర్రలో! ఫియట్ దారిలో ఆగిపోతే పాయింట్లు గీకి, ప్లగ్గులు తుడిచి, కార్బ్యురేటర్‌లో చెత్త ఊదేస్తే మళ్లీ కదిలేది. పెద్ద పెద్ద యంత్రాలు అక్కర్లేదు, చేయి తిరిగిన మెకానిక్ ఉంటే చాలు. విడిభాగం దొరక్కపోతే లేతు మిషన్ మీద చేయించుకోవచ్చు. 2000 సంవత్సరం నుంచి మారుతీ 800లోకి కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలు ఎంత పోయాలో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన కార్లలో తాళంచెవికి చిప్పు, ఎయిర్‌బ్యాగుకు ఓ పెట్టె, ఏబీఎస్‌కు మరొకటి, పాటలకు టచ్ స్క్రీను... ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటేనే బండి కదిలేది!

ఇనుప ముక్కను లేతు మీద చెక్కగలం. సర్క్యూట్ బోర్డును, అందులోని ప్రోగ్రామును గల్లీ షెడ్డులో తయారు చేయలేం. పుత్లీబౌలి, రాణిగంజ్ దుకాణాల్లో పాత కార్ల సైలెన్సరో, బ్రేకు సామానో వెతికితే దొరకొచ్చు. ఇరవై ఏళ్ల కిందటి మోడల్‌కు సరిపోయే ఈసీయూ కావాలంటే తుక్కుకు వెళ్లిన మరో కారు లోంచి పీకాల్సిందే. ఇక కంపెనీయే మూతపడితే? ఒకప్పుడు శాంత్రోకు పోటీగా వచ్చిన మాటిజ్ యజమానులకు ఆ కష్టం తెలుసు. దేవూ సంస్థ మన దేశంలో దుకాణం కట్టేశాక విడిభాగాల కోసం వాళ్లు పడని పాట్లు లేవు.

పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపినది. ఇథనాల్ గాల్లో తేమను పీల్చుకుంటుంది. దానికోసం తయారుచేయని పాత కార్ల రబ్బరు పైపులకు, వాషర్లకు అది అంతగా పడదు. నెలల తరబడి కదలకుండా పడి ఉండే కారుకు మరీ ఇబ్బంది.

పదిహేను నుంచి యాభై దాకా

కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు నిండి, అసలు రూపం మారకుండా ఉన్న వాహనమే ‘వింటేజ్’. దాని నంబరులో ‘వీఏ’ అన్న అక్షరాలు ఉంటాయి. కొత్తగా నమోదుకు రుసుము 20 వేల రూపాయలు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు కోసం తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు.

ఈ లెక్కన మొదటి మారుతీలకు ఆ హోదా దక్కేది 2033 చివర్లో. 1998లో వచ్చిన శాంత్రో, ఇండికాలకు 2048లో. 2009 నాటి నానోకైతే 2059లో!

అప్పటిదాకా దాన్ని ఎవరు మోయాలి? అసలు ప్రశ్న ఇదే. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి, ఆర్సీని అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఒకప్పుడు 600 రూపాయలున్న ఆ రుసుము 2022లో 5 వేలైంది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10 వేలు చేశారు. దీనికి హరిత పన్ను, బీమా, బ్యాటరీ, టైర్లు తోడు. మరోవైపు, తుక్కుకు ఇచ్చేస్తే కొత్త కారు మీద రాయితీలంటూ ప్రభుత్వమే పిలుస్తోంది. పాత కారుకు పదిహేను నుంచి యాభై దాకా గడ్డుకాలమే. అది కొత్తదీ కాదు, పురాతనమూ కాదు. అమ్మితే డబ్బు రాదు, ఉంచుకుంటే ఖర్చు ఆగదు. చాలా కార్లు చచ్చిపోయేది చెడిపోయి కాదు, ఈ కాలంలో పట్టించుకునేవాళ్లు లేక!

ఏవి నిలుస్తాయి?

ప్రపంచం నిండా ఉదాహరణలున్నాయి. జర్మనీ వాళ్ల బీటిల్, ఇటలీ వాళ్ల ఫియట్ 500, ఇంగ్లండు వాళ్ల మినీ... మూడూ సామాన్యుల కార్లే. బీటిల్ అయితే 2003లో ఆగేదాకా రెండు కోట్లకు పైగా తయారయింది. అయినా నేడు ముచ్చటపడి కొనేవాళ్లున్నారు. కారణం, వాటి వెనక ఓ తరం కథ ఉంది. పైగా వాటిని బాగు చేయడం తేలిక.

ఆ లెక్కన మన దగ్గర మొదటి వరసలో ఉండేది 1983 - 86 మధ్య వచ్చిన తొలి రూపం మారుతీ 800. తర్వాత నానో. వానలో స్కూటర్ మీద తడుస్తూ వెళ్తున్న కుటుంబాన్ని చూసి రతన్ టాటాకు వచ్చిన ఆలోచన అది. లక్ష రూపాయల కారుగా ప్రపంచమంతా మాట్లాడుకుంది. సింగూరు గొడవతో ఫ్యాక్టరీ గుజరాత్‌లోని సనంద్‌కు తరలింది, అనుకున్నంతగా అమ్ముడుపోలేదు. కథ ఉంది, తక్కువగానూ ఉంది, ఎలక్ట్రానిక్స్ గొడవా కొంచెమే. సేకరించేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? తెరలు, సెన్సర్లతో నిండిన నేటి చిన్న కార్లు అంతకాలం నిలవాలంటే, వాటి కంప్యూటర్లను బాగుచేసే మెకానిక్‌లూ పుట్టుకురావాలి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు గల్లీగల్లీలో బాగుచేస్తున్న ఊళ్లో అది మరీ అసాధ్యమేం కాదు.

దాచాలనుకుంటే...

ఆర్సీ గడువు దాటనివ్వకండి. కొన్నప్పటి బిల్లు, సర్వీసు పుస్తకం, రెండో తాళంచెవి ఓ కవర్లో పెట్టి బీరువాలో దాచండి. రంగు మార్చొద్దు, కొత్త అలాయ్ చక్రాలు వేయించొద్దు. తీసేసిన పాత భాగాన్ని పారేయొద్దు. వారానికోసారైనా బండిని కొంతదూరం తిప్పండి. సెల్లారులో ఊరికే స్టార్ట్ చేసి ఆపేస్తే సరిపోదు. ప్లాస్టిక్ కవరు లోపల చెమ్మ చేరుతుంది కాబట్టి గాలి ఆడే గుడ్డ కవరు కప్పండి. ఎలుకలు వైర్లు కొరక్కుండా బానెట్ ఎత్తి చూస్తుండండి.

మరి తండ్రీకొడుకుల తగువులో ఎవరిది గెలుపు? డబ్బు లెక్కయితే కొడుకుదే. ముప్ఫై ఏళ్ల రుసుములు, మరమ్మతులు, పార్కింగ్ జాగా లెక్కేస్తే, ఆ కారు ఎంత పలికినా గిట్టుబాటు కావడం కష్టం. కానీ చౌమహల్లాలో ఉన్నది నవాబుల జ్ఞాపకం. స్కూటర్ మీద నలుగురూ ఇరుక్కుని వెళ్లిన కుటుంబం మొదటిసారి తలుపులున్న బండెక్కిన జ్ఞాపకం మాత్రం ఈ సెల్లారులోనే ఉంది. దాన్ని ఏ మ్యూజియమూ దాచిపెట్టదు. కావాలనుకుంటే ఇంట్లోవాళ్లే దాచుకోవాలి... కవరు తీసి, టైర్లలో గాలి కొట్టించి.