తూటా కేసు పునఃపరిమాణం
రైఫిల్‌లో పేలిన ఇత్తడి తూటా కేసును ఉక్కు అచ్చులో నొక్కి తిరిగి మొదటి కొలతకు తేవడాన్ని పునఃపరిమాణం అంటారు. భారతదేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింకు గల ఈ ఇత్తడి పేలుడు ఒత్తిడికి ఉబ్బి చాంబర్ గోడలకు అతుక్కుంటుంది. వాయువును వెనుకకు రానివ్వనిది అదే. తరువాత కొంత ముడుచుకున్నా పూర్వపు కొలతకు రాదు. అందువలన కందెన రాసి అచ్చులోకి నొక్కుతారు. భుజాన్ని మితిమీరి వెనుకకు నెట్టితే, మరల పేలినప్పుడు కేసు సాగి, అడుగుకు కాస్త పైన తెగవచ్చును. అప్పుడు వేడి వాయువు కాల్చేవాని ముఖంవైపు వస్తుంది.

నొక్కినకొద్దీ ఇత్తడి పెళుసవుతుంది. చెంబును సాగగొట్టే కంచరి మధ్యమధ్య దానిని కాల్చి మెత్తపరచడం అనంతపురం పల్లెల పెద్దలు ఎరిగినదే. కేసు మెడనూ అలాగే కాలుస్తారు. అడుగును మాత్రం కాల్చరాదు. మెత్తబడితే ఒత్తిడికి తాళదు.

'''నిల్వలో పగుళ్ళు'''

బ్రిటిషు ఇండియాలో వానాకాలమున గుర్రపుశాలల్లో ఉంచిన తూటాల కేసులు పేల్చకుండానే పగిలేవి. తయారీలో లోహంలో మిగిలిన బిగువుకు, గుర్రాల మూత్రం నుండి వెలువడే అమ్మోనియా, తేమ తోడవడమే కారణమని 1921లో మూర్, బెకిన్సేల్, మాలిన్సన్ వివరించారు. వాన తక్కువైన అనంతపురం మెట్టలోనైనా పశువుల కొట్టం ఇత్తడికి మంచి చోటు కాదు.