చీకటిలో నలుపు తెలుపయ్యే వేళ

మగ్రిబ్ నమాజు ముగిసి జనం ఇళ్లకు మరలే సమయంలో, మా హొళగుంద మస్జిదు గుమ్మం మీది కెమెరా నుండి ‘టిక్’మని ఒక చిన్న చప్పుడు వస్తుంది. చాలా కాలం దానిని నేను పట్టించుకోలేదు. బల్లి కాబోలు అనుకునేవాణ్ణి. ఆ చప్పుడుకు అర్థం తెలియక ఒక నిరపరాధిని మేమే దొంగగా నిలబెట్టిన నాటి నుండి, అది వినబడినప్పుడల్లా నా చెవి అటే మళ్లుతుంది.

నిరుటి చలికాలంలో ఒక రాత్రి మస్జిదు చందా డబ్బా తాళం పగిలింది. ఫజ్ర్‌కు వచ్చినవారు చూసి కెమెరా దృశ్యాన్ని వెనక్కి తిప్పారు. రాత్రి 2 గంటల ప్రాంతంలో తెల్లని కుర్తా తొడుక్కున్న ఒక సన్నని మనిషి లోనికి వచ్చి, వంగి, వెళ్లిపోయాడు. ముఖం మసకగా ఉంది. మా మొహల్లాలో ఆ ఒడ్డూ పొడవూ ఉండి, ఎప్పుడూ తెల్లని కుర్తా తొడిగే యువకుడు ఒక్కడే. నా వద్ద చదువుకున్నవాడు. ముఅజ్జిన్ ఊరికి వెళ్లినప్పుడు అజాన్ ఇచ్చేవాడు. “అతడే” అని ఎవరో అన్నారు. “కాకపోవచ్చు” అని నేను అనలేదు.

“హజ్రత్, ఆ రాత్రి నేను పత్తి లారీతో ఆదోని వెళ్లాను” అని అతడు నాతో చెప్పాడు. విన్నాను గాని, కళ్లతో చూసిన దృశ్యం ముందు ఆ మాట నాకు తేలికగా తోచింది. అతడు మస్జిదుకు రావడం మానేశాడు.

పది దినాల తరువాత కెమెరాల మరమ్మతుకు ఆదోని నుండి ఒక కుర్రవాడు వచ్చాడు. సంగతి విని నవ్వలేదు. “హజ్రత్, ఇషా తరువాత మీ నల్ల షేర్వానీ తొడుక్కుని కెమెరా ముందు నిలబడండి” అన్నాడు. నిలబడ్డాను. లోపలికి వెళ్లి తెర మీద చూసుకుంటే, నా నల్లని టెర్రీకాట్ షేర్వానీ సున్నం కొట్టిన గోడవలె తెల్లగా ఉంది. చేతిలోని గొడుగు మాత్రం నల్లగానే ఉంది. పెరటి వేపచెట్టు ఆకులన్నీ మంచు కప్పినట్లు తెల్లబడ్డాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన కంటికి కనబడే వెలుగు సుమారు 400 నుండి 700 నానోమీటర్ల తరంగాలకు పరిమితం. మిల్లీమీటరును 10 లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. ఎరుపు రంగు దాటిన తరువాత కూడా వెలుగు ఉన్నది, మనకే కనబడదు. 1800లో ఇంగ్లాండులో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకం గుండా పంపి, ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకం ఉంచి చూశాడు. ఎరుపుకు అవతల, ఏ రంగూ లేని చోట ఉంచిన ఉష్ణమాపకం మరింత పైకి ఎక్కింది. ఆ కనబడని వెలుగునే పరారుణ కాంతి అంటున్నాము. అంతకు దాదాపు 800 ఏళ్ల పూర్వమే, బస్రాలో జన్మించి కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్ తన కితాబుల్ మనాజిర్‌లో, చూపు కంటి నుండి బయలుదేరి వస్తువును తాకదనీ, వస్తువు నుండి వచ్చే వెలుగే కంటిలో ప్రవేశిస్తుందనీ వివరించాడు. కెమెరా విషయంలోనూ అంతే. దానికి చీకటిలో చూసే శక్తి ఏదీ లేదు. వెలుగు రావాలి.

ఆ వెలుగును కెమెరా తనంత తానే చిమ్ముకుంటుంది. కటకం చుట్టూ ఉన్న చిన్న చిన్న ఎల్‌ఈడీ దీపాలు 850 లేదా 940 నానోమీటర్ల పరారుణ కాంతిని వెదజల్లుతాయి. 850 రకం దీపాలను చీకటిలో దగ్గర నుండి చూస్తే నిప్పుకణికవలె మసక ఎరుపు తెలుస్తుంది. 940 రకంలో అదీ కనబడదు. అయితే కెమెరాకు కూడా ఆ కాంతి అందేది తక్కువే గనుక చూపు దూరం తగ్గుతుంది. కెమెరాలోని సిలికాన్ పలక సుమారు 1100 నానోమీటర్ల వరకు వెలుగును గ్రహించగలదు. ఇంట్లో పిల్లలకు ఇది చూపించవచ్చు. టీవీ రిమోట్ బటను నొక్కుతూ దాని కొనను మొబైల్ కెమెరాలో చూడమనండి. కంటికి ఏమీ లేని చోట తెరపై దీపం మిణుకుమంటుంది. వెనుక కెమెరాలో కనబడకపోతే ముందు కెమెరాతో చూడండి.

పగటిపూట ఈ అదనపు చూపు కెమెరాకు అనర్థమే, రంగులన్నీ చెడిపోతాయి. అందుచేత పలక ముందు పరారుణ కాంతిని ఆపే ఒక గాజుబిళ్ల ఉంటుంది. చీకటి పడిందని గ్రహించగానే కెమెరా ఆ బిళ్లను పక్కకు జరుపుతుంది. మగ్రిబ్ తరువాత నేను వినే ‘టిక్’ అదే. ఆ క్షణం నుండి దృశ్యం నలుపు తెలుపులలోకి మారుతుంది. ఎరుపు, పచ్చ, నీలం అనేవి మన కంటికి సంబంధించిన భేదాలు. కంటికి కనబడని వెలుగులో వాటికి అర్థం లేదు. అక్కడ ఒక్కటే లెక్క, ఏ వస్తువు ఆ కాంతిని ఎంత వెనక్కి పంపుతుందన్నది. నల్ల బట్టలకు వాడే అద్దకాలలో అనేకం మామూలు వెలుగును మింగుతాయి గాని పరారుణ కాంతిని పట్టవు. ఆ కాంతి బట్ట నూలుకు తగిలి తిరిగి వస్తుంది, నలుపు తెలుపవుతుంది. ఏ నలుపు మారుతుందో, ఏది మారదో అద్దకాన్ని బట్టి ఉంటుంది. చెట్ల ఆకులు పరారుణ కాంతిని ఎక్కువగా తిప్పికొడతాయి గనుకనే మా వేపచెట్టు తెల్లబడింది. మనిషి చర్మం సంగతి మరీ విచిత్రం. మేని ఛాయలోని నలుపు తెలుపుల తేడా ఆ వెలుగులో చాలావరకు చెరిగిపోతుంది. నల్లనివాడూ తెల్లనివాడూ ఇంచుమించు ఒక్క తీరుగా పాలిపోయి కనబడతారు.

కాబట్టి రాత్రి దృశ్యంలో “తెల్ల చొక్కా మనిషి”, “ఎర్రని మనిషి”, “నల్లని బండి” అన్న మాటలు సాక్ష్యంగా చెల్లవు. నడక, ఎత్తు, వచ్చిన సమయం, వెళ్లిన దారి, ఇవి కొంత నిలబడతాయి. ముఖమూ పూర్తిగా నమ్మదగినది కాదు. వెలుగు చాలనప్పుడు కెమెరా ఒక్కొక్క చిత్రానికి ఎక్కువ సేపు కన్ను తెరిచి ఉంచుతుంది. ఆలోగా మనిషి కదిలితే రూపం అలుక్కుపోతుంది. దూరం రెండింతలైతే మనిషి మీద పడే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. పెట్టె మీద 30 మీటర్లని రాసి ఉన్నా, మనిషి ఉన్నాడని తెలిసే దూరం వేరు, వాడెవడో తెలిసే దూరం వేరు.

మా మండలంలోని దేవరగట్టులో విజయదశమి రాత్రి బన్ని ఉత్సవానికి పోలీసులు సీసీ కెమెరాలు, డ్రోన్లు పెడుతున్నారు. అక్కడ జనం చేతుల్లో దివిటీలుంటాయి. మంట మనకు చూపే వెలుగు కంటే ఎక్కువ పరారుణ కాంతిని చిమ్ముతుంది. రాత్రి కెమెరాకు అటువంటి చోట దివిటీ ఒక తెల్లని ముద్ద, దాని పక్కనున్న ముఖం చీకటి. 2013 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం జనం గుమిగూడే సంస్థలలో కెమెరాలు పెట్టి 30 దినాల దృశ్యాలు దాచాలన్నది. దాచిన దృశ్యాన్ని ఎలా చదవాలో మాత్రం మనమే నేర్చుకోవాలి.

నిర్వహణ సంగతులు రెండు మూడు చెప్పి ముగిస్తాను. సాలెపురుగు ఆ దీపాల వెచ్చదనానికీ, వాటి చుట్టూ చేరే పురుగుల కోసమూ వచ్చి కటకం ముందు గూడు అల్లుతుంది. దగ్గరి దారం మీద పడిన కాంతి తెర నిండా తెల్లని తాడై కనబడుతుంది. మా ప్రాంతపు ఎర్రదుమ్ము కూడా అంతే. వారానికొకసారి మెత్తని గుడ్డతో తుడవాలి. కిటికీ అద్దం వెనుక కెమెరా పెడితే దాని దీపాలే అద్దంలో ప్రతిఫలించి దానికే కళ్లు చెదురుతాయి.

ఇంకొక మాట ఇల్లాళ్ల కోసం. ఎండాకాలంలో మన వైపు కుటుంబాలు మిద్దెల మీద, వాకిళ్లలో పడుకుంటాయి. చీకటి ఉన్నది కదా అని స్త్రీలు నిశ్చింతగా ఉంటారు. పొరుగింటి కెమెరా ఇటు తిరిగి ఉంటే, ఆ చీకటి దానికి చీకటి కాదు. కనబడని దీపం గనుక మీకు తెలియను కూడా తెలియదు. సూరె హుజురాత్‌లో అనుమానాన్నీ, గూఢచర్యాన్నీ ఒకే ఆయతులో వారించడం నేను ఏళ్ల తరబడి పిల్లలకు బోధించినదే. మస్జిదు కెమెరా ఒకటి పక్క వాకిలి వైపు ఉన్నదని ఆ కుర్రవాడు చూపించేదాకా నేను గమనించలేదు. అదే రాత్రి దానిని గోడ వైపు తిప్పించాము.

మరునాడు ముతవల్లీ సాబ్, నేను ఆ యువకుని ఇంటికి వెళ్లాము. వాళ్ల అమ్మీ చాయ్ ఇచ్చింది, ఒక్క మాటా అనలేదు. అతడు లోపలి గదిలోనే ఉన్నాడు. గుమ్మం దగ్గర నిలబడి, “బేటా, మాఫ్ చేయి” అన్నాను. “మీరు ఒక్కసారి అడిగి ఉంటే చాలు హజ్రత్, లారీ డ్రైవర్ నంబరు ఇచ్చేవాణ్ణి” అన్నాడు. రంజాన్ వచ్చిన తరువాతే అతని అజాన్ మళ్లీ విన్నాము. చందా డబ్బా మీద ఇప్పుడు రాత్రంతా మామూలు బల్బు వెలుగుతుంది. ఆ మూలన కెమెరా ‘టిక్’మనదు, రంగులు రంగులుగానే ఉంటాయి. డబ్బా పగలగొట్టినవాడెవడో నేటికీ తెలియలేదు.