నేతవారు చూడదగిన డాక్యుమెంటరీలు

సోదర సంఘాల కార్యదర్శులు కొందరూ, మన సభ్యులు కొందరూ రెండు మూడు నెలలుగా మమ్మల్ని ఒకే ప్రశ్న అడుగుతున్నారు. "చందాపురలో మీరు నెలనెలా నూలు గిడ్డంగి గోడమీద ఏవో చిత్రాలు వేస్తున్నారట. అవి ఏమిటి? మేమూ వేయదలిస్తే ముందుగా ఏది వేయాలి?" అని. అందరికీ విడివిడిగా జవాబులు వ్రాయడం కష్టం గనుక ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

సినిమా అంటే మన ఇళ్లలో పాటలు, పోట్లాటలు, మూడు గంటల కాలక్షేపం. కథ కల్పించకుండా, వేషాలు వేయించకుండా, జరిగేదాన్ని జరిగినట్టు చూపే చిత్రాలను డాక్యుమెంటరీలంటారు. నిజానికి చలనచిత్రం పుట్టిందే ఈ విధంగా. 1895లో ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో లూమియేర్ సోదరులు తీసిన తొలి చిత్రంలో ఉన్నదంతా తమ ఫ్యాక్టరీ గేటునుండి పనివారు ఇంటికి వెళ్లడమే. నిమిషమైనా నడవదు. లియాన్ పట్టు నేతకు పేరుపొందిన ఊరు. మన మగ్గాల నెత్తిన కూర్చున్న జాకార్డు పెట్టెను కనిపెట్టిన జాకార్డు కూడా ఆ ఊరివాడే. కెమెరా మొదట చూచినది పనివారినే. కాని వారి పేరేమి, కూలి ఎంత అన్నది ఆ చిత్రంలో లేదు. ఈ మాట జ్ఞాపకం ఉంచుకోవలసినదిగా పాఠకులను కోరుతున్నాము.

మన దేశంలో 1948లో ఫిలిమ్స్ డివిజన్ ఏర్పడింది. వారి చిన్న చిత్రాలను అసలు సినిమాకు ముందు హాళ్లలో తప్పనిసరిగా వేసేవారు. అవి నడుస్తున్నంతసేపూ బయట బీడీ కాల్చుకొని, అసలు బొమ్మ మొదలయ్యే వేళకు లోపలికి వచ్చేవారమని మన పెద్దలు నవ్వుతూ చెప్తారు. 2022లో ఆ సంస్థను జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో కలిపివేశారు. హాళ్లలో ఆ చిత్రాలు పోయినవి. అయితే వెదికేవారికి ఈనాడు సెల్‌ఫోనులోనే ఎన్నో దొరుకుతున్నవి.

ఎందుకు మొదలుపెట్టాము

కొన్నేళ్లక్రితం మా వీధికి డాక్యుమెంటరీ తీసేవారు వచ్చారు. మూడు రోజులున్నారు, మర్యాదగానే ఉన్నారు. మా సంఘంలో అందరికన్న పెద్దవాడైన నేతగానిని ఎన్నుకొన్నారు. ఆయన చొక్కా విప్పించి పంచె కట్టించారు. ట్యూబు లైటు ఆర్పి నూనె దీపం పెట్టించారు. "ఈ దీపం వెలుతురులో నేస్తే రంగు తెలుస్తుందా అప్పా?" అని ఆయన అడిగాడు. వారు నవ్వి ఊరుకున్నారు. చిత్రం పూర్తయింది. ఎక్కడెక్కడో చూపించారని విన్నాము. మాకు ప్రతి పంపలేదు. ఏడాది తరువాత ఒకరి ఫోనులో కొంత ముక్క చూచాము. ఆయన తెలుగులో మాట్లాడుతుంటే పైన ఇంగ్లీషు గొంతు వినిపిస్తున్నది. ఆయన ఏమన్నాడో మాకే తెలియలేదు.

దీనికన్న పెద్ద నష్టం మరొకటి. ఆయన మూడు నాడెల నేతలో దిట్ట. ఒంటికి ఒక రంగు, అంచుకు ఒక రంగు వేసి, పక్కన ఇంకొక మనిషిని కూర్చోబెట్టుకొని నేసే ఈ పనిని కొన్ని ఊళ్లలో కుప్పడమంటారు. కొంగుకు కొత్త పడుగు అతికేటప్పుడు వేళ్లకు బూడిద రాసుకొని ఒక్కొక్క పోగును ఆయన మెలిపెట్టే తీరు వేరు. చేత్తో తడిమినా అతుకు తగిలేది కాదు. మూడు రోజుల చిత్రీకరణలో ఆ వేళ్లను ఒక్కసారీ దగ్గరగా తీయలేదు. ఆయన ముఖంలోని ముడతలు తీశారు. తరువాతి ఎండాకాలం ఆయన పోయాడు. ఆ అతుకు పెట్టడం చూచి నేర్చినవాడు ఈనాడు మా సంఘంలో ఒక్కడూ లేడు.

తప్పు వారిదొక్కరిదే కాదు. ఆయన ముప్పై ఏళ్లు మా మధ్యనే నేశాడు. మా అందరి జేబుల్లోనూ కెమెరా ఉన్న ఫోను ఉన్నది. మేమూ తీయలేదు. ఆ సిగ్గుతోనే ఈ ఆదివారపు ఆటలు మొదలుపెట్టాము. మంచి చిత్రమంటే ఏమిటో చూచి తెలుసుకుంటే, మనవి మనం తీసుకోగలమన్నది ఆలోచన. ఇక చిత్రాల సంగతి.

మొదట వేయవలసినది: అన్‌రావెల్

2012లో మేఘనా గుప్తా తీసిన ఈ చిత్రం నడిచేది 14 నిమిషాలే. పిల్లలు కూడా కదలకుండా కూర్చుంటారు. పాశ్చాత్య దేశాలవారు వాడి పారవేసిన బట్టలు ఓడలమీద గుజరాత్ తీరానికి వచ్చి, అక్కడినుండి హర్యానాలోని పానిపట్టుకు చేరుతవి. అక్కడ ఆడవాళ్లు గుండీలు, జిప్పులు కోసివేస్తారు. బట్టను చీరుతారు. యంత్రాలు దానిని పీచుచేసి మళ్లీ నూలు తీస్తవి. ఆ నూలుతో దుప్పట్లు వస్తవి.

పనిచేస్తూ ఆ ఆడవాళ్లు మాట్లాడుకునే మాటలే ఈ చిత్రానికి ప్రాణం. ఇంత మంచి బట్టలు ఎందుకు పారవేస్తారు? ఆ దేశాలలో నీళ్లు చాలా ఖరీదేమో, ఉతికించడంకన్న కొత్తవి కొనడమే చవకేమో అని వారు ఊహించుకుంటారు. మా గిడ్డంగిలో మొదట అందరూ నవ్వారు. తరువాత కండెలు చుట్టే ఒక అక్క అన్నది: "మన చీర కట్టుకునేవాళ్లు మన గురించి ఏం ఊహించుకుంటారో మనకు తెలుసునా?" దానికి జవాబు చెప్పినవారు లేరు. ఆ సాయంత్రం చిత్రం నడిచినది పావుగంట, మాటలు నడిచినవి గంటన్నర.

మరమగ్గం దాటి చూడవలసినది: మెషీన్స్

రాహుల్ జైన్ 2016లో తీసిన ఈ చిత్రం గుజరాత్‌లోని ఒక పెద్ద బట్టల మిల్లు లోపల నడుస్తుంది. 2017లో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో దీని ఛాయాగ్రహణానికి బహుమానం వచ్చినది. వ్యాఖ్యానం లేదు, సంగీతం లేదు. యంత్రాల మోతే సంగీతం. పన్నెండు గంటల షిఫ్టులు. ఒక కుర్రవాడు యంత్రం ముందు నిలబడి కునికిపాట్లు పడుతుంటాడు. ఆ దృశ్యం వచ్చినప్పుడు మా గిడ్డంగిలో ఒక తల్లి లేచి బయటికి వెళ్లిపోయింది. ఆమె పెద్ద కొడుకు మరమగ్గాల పనికి సూరత్ వెళ్లి ఉన్నాడు. సూరత్, భివండి, షోలాపూర్ మగ్గాలలో మన తెలుగు నేతవారు తరతరాలుగా ఉన్నారన్న సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు.

చివరలో పనివారు గుమిగూడి చిత్రం తీసేవానినే నిలదీస్తారు. నీవు వచ్చావు, చూచావు, వెళ్లిపోతావు, మాకేం చేస్తావు అన్న భావం వారి మాటలలో ఉన్నది. తనను నిలదీసిన మాటను కత్తిరించకుండా ఉంచినందుకు దర్శకుణ్ణి మెచ్చుకోవాలి. మరమగ్గం మన పొట్ట కొట్టినదని మనమంటాము, అందులో నిజమూ ఉన్నది. దానిముందు నిలబడినవాడు కూడా మనవాడేనని ఈ చిత్రం చూచిన తరువాత మరచిపోలేము.

మన ఆడపిల్లలతో కూర్చుని చూడవలసినది: ది ట్రూ కాస్ట్

చందాపుర కూడలిలో తెల్లవారుతుండగానే గార్మెంటు ఫ్యాక్టరీల వ్యాన్లు ఆగుతవి. అందులో ఎక్కేవారిలో మగ్గమున్న ఇళ్ల ఆడపిల్లలు తక్కువమంది కారు. నెల తిరగగానే జీతం వస్తుంది కాబట్టి వెళుతున్నారు. వారిని తప్పుపట్టలేము.

ఆండ్రూ మోర్గన్ అనే అమెరికా దర్శకుడు 2015లో తీసిన ఈ చిత్రం గంటన్నర నడుస్తుంది. దీనికి మూలం 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర రాణా ప్లాజా భవనం కూలిపోవడం. ఆ ఎనిమిది అంతస్తుల భవనం గోడలలో ముందురోజే పగుళ్లు కనిపించినవి. అయినా మరునాడు కార్మికులను లోపలికి పంపారు. 1,134 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది ఆడవారు. బిడ్డను ఊరిలో తల్లిదండ్రుల దగ్గర వదలి ఢాకాలో కుట్టుపని చేసే ఒక యువతి ఈ చిత్రంలో కనిపిస్తుంది. సంఘం పెట్టినందుకు దెబ్బలు తిన్న సంగతి ఆమె చెప్తుంది. అమెరికా అంగళ్లలో చవకగా దొరికే చొక్కా వెనుక ఎవరి ఖర్చు దాగి ఉన్నదో తెలుస్తుంది. ఇది మనసును కలచివేసే చిత్రం. చిన్నపిల్లలను కూర్చోబెట్టవద్దు. పనికి వెళ్లే పిల్లలను తప్పక కూర్చోబెట్టండి. అయిపోయిన తరువాత వారినే మాట్లాడనివ్వండి. మా దగ్గర ఒక అమ్మాయి ఆ రోజే మొదటిసారి తన ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదపు తలుపు ఎక్కడున్నదో తనకు తెలియదని చెప్పింది. మరునాడు అడిగి తెలుసుకున్నది.

మిగిలిన మూడు

బునకర్: 2018లో సత్యప్రకాశ్ ఉపాధ్యాయ్ కాశీ నేతగాండ్రమీద తీసినది. 66వ జాతీయ చలనచిత్ర బహుమతులలో కళా సాంస్కృతిక విభాగంలో ఉత్తమ చిత్రంగా ఎన్నికైనది. పట్టు నేసే కుటుంబాలు తప్పక చూడవలసినది. దీని పేరుతోపాటు ఉన్న ఉపశీర్షికకు కాశీ నేతగాండ్రలో చివరివారు అని అర్థం. ఆ ఒక్క మాటతో మాకు పేచీ ఉన్నది. 2019–20 నాటి చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివారు 35 లక్షలకు పైగా ఉన్నారు. చివరివాడన్న మాట చూచేవారి కంట నీరు తెప్పించవచ్చు. మన ఇంట చదువుకునే కుర్రవాడు మగ్గం దిగిపోవడానికి మాత్రం అది చాలు.

సాచా: 2001లో అంజలి మొంతెరో, కె.పి. జయశంకర్ తీసినది. పేరుకు అర్థం మగ్గం. బొంబాయి బట్టల మిల్లుల కాలాన్ని మరాఠీ కవి నారాయణ్ సుర్వే, చిత్రకారుడు సుధీర్ పట్వర్ధన్ల ద్వారా చెప్తుంది. పసికందుగా దొరికిన సుర్వేను పెంచినది ఒక మిల్లు కార్మికుడు. ఆ మిల్లులలో తెలంగాణ పద్మశాలీలు వేలాదిగా పనిచేశారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన సుమారు 2.5 లక్షలమంది చేసిన సమ్మె తరువాత అవి మళ్లీ కోలుకోలేదు. బొంబాయి బంధువులున్న ఇళ్లవారికి ఇది ఇంటి కథ.

మూడవది ఈమ్స్ దంపతులు తీసిన చిన్న చిత్రం. 1955లో న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియంలో మన దేశపు వస్త్రాల ప్రదర్శన జరిగినది. దానిని పదకొండు నిమిషాలలో చూపారు. చేనేతకోసం జీవితమంతా పనిచేసిన పుపుల్ జయకర్ గొంతు, అలీ అక్బర్ ఖాన్ సరోద్ వినిపిస్తవి. రంగులు చూచి మా పెద్దలు మురిసిపోయారు. అయితే బట్ట ఉన్నది, నేసినవాడు లేడు. ఆ లోటు కూడా చూచి తెలుసుకోవలసినదే.

డాక్యుమెంటరీ కాకపోయినా 2019లో వచ్చిన తెలుగు చిత్రం మల్లేశం సంగతి చెప్పకుండా ఉండలేము. పోచంపల్లి నేతలో చిటికి కట్టేముందు పోగును మేకులమీద అర్ధచంద్రాకారంగా పోసే పనిని అక్కడ ఆసు అంటారు. ఒక చీరకు చేతిని వేలసార్లు ఆడించాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసి, దానికి ఆమె పేరే లక్ష్మి అని పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. అదే గణన ప్రకారం నేతవారిలో నూటికి 70 మందికి పైగా స్త్రీలే. అయినా చిత్రాలలో మగ్గంమీద మగవాడే కనిపిస్తాడు. ఈ చిత్రంలో తల్లి భుజం కనిపిస్తుంది.

చూచిన తరువాత అడగవలసినవి

మా దగ్గర ప్రతి ఆటకు తరువాత నాలుగు ప్రశ్నలు అడుగుతున్నాము. పనివారి పేరు చెప్పారా? కూలి ఎంతో చెప్పారా? ఇంటి ఆడవారి పని చూపారా? వారి మాట వారి భాషలో వినిపించిందా? నాలుగింటికీ అవునన్న జవాబు వచ్చే చిత్రం అరుదు. హిందీ, ఇంగ్లీషు చిత్రాలను కాలేజీ చదివే మన సభ్యురాలి కూతురు పక్కన నిలబడి తెలుగులో చెప్తున్నది. అట్టివారు ప్రతి ఊరిలోనూ ఉంటారు.

ఇక మన చిత్రం మనం తీద్దాము

ఇంటింటా ఫోను ఉన్నది. పెద్దలు ఉండగానే ఈ పని కావాలి. మా అనుభవంలో తేలిన పద్ధతి ఇది. వేషం మార్చవద్దు, దీపం మార్చవద్దు. ఫోనును అడ్డంగా పట్టుకొని, ముఖంకన్న ముందు చేతులు తీయండి. అతుకు అయితే ఒక పోగు మొదలునుండి ముడిదాకా తెంపులేకుండా తీయండి. ప్రతి పనిముట్టు పేరూ వారినోటనే చెప్పించండి. మా ప్రాంతంలో తెలుగు, కన్నడం రెండు పేర్లూ వాడుకలో ఉన్నవి, రెండూ కావాలి. ఏ నూలు, ఏ పన్నె, ఎన్ని రోజుల పని, ఎంత మజూరీ, ఏ తేదీ అన్నది గొంతుతో చెప్పండి. కండె, ఆసు పనులను మగ్గంతో సమానంగా తీయండి. ఒక ప్రతి ఆ ఇంటివారికి, ఒకటి సంఘానికి. ఇంటివారి అనుమతి లేనిదే బయట పెట్టవద్దు. డిజైను పోతే తిరిగిరాదు.

ఇప్పటికి మా సంఘంలో ఆరు చిత్రాలు తీశాము. చెయ్యి వణికినవి, వెలుతురు చాలనివి ఉన్నవి. ఒకదానిలో ఎనభై ఏళ్ల అవ్వ పడుగు అతుకుతూ, మధ్యలో ఆగి, "సరిగా కనపడతా ఉందా అప్పా, ఇంకోసారి చేసేదా?" అని అడుగుతుంది. చేసింది. రెండు సార్లూ ఉన్నవి. కావలసినవారు సంఘ కార్యాలయానికి వచ్చి చూడవచ్చు.

ఇట్లు,
కార్యదర్శి, చందాపుర